నలుగురిలో పెట్టిన ఖర్చు అప్పుగా ఎలా మిగులుతుంది

పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని సామెత. తాహతుకు మించి ఖర్చుపెట్టి అప్పులపాలైనవాళ్ల మాట వస్తే ముందు నోటికొచ్చేది ఇదే. కానీ ఈ రకం అప్పుల దగ్గర సామెత గురి తప్పుతుంది. పులిలా కనపడాలని అప్పు చేసేవాళ్లు లేకపోలేదు. అంతకంటే తరచుగా కనపడేది తోటి నక్కల ముందు చిన్నబోకూడదని చేసే అప్పు. గొప్ప కోసం పెట్టేది ఖర్చేనని పెట్టేవాడికీ తెలుసు, అందుకే ఎక్కడో ఒకచోట ఆగుతాడు. చిన్నబోకూడదని పెట్టేది మాత్రం అతనికి ఖర్చులా తోచదు, బాధ్యతలా తోస్తుంది. బాధ్యత అనుకున్నాక బేరమాడటం నామోషీ, వాయిదా వేయడం తప్పు, నావల్ల కాదనడం అవమానం. ఈ మూడూ కుదరనప్పుడు మిగిలేది అప్పే.

కాబట్టి 'ఆశ తగ్గించుకోండి' అన్న సలహాతో ఇక్కడ పెద్దగా పని జరగదు. ఒత్తిడి ఏ దశలో డబ్బు లెక్కలోకి దూరుతుందో, ఏ దశలో వడ్డీగా మారుతుందో విడివిడిగా చూడాలి.

పోలికలోనే ఉన్న పొరపాటు

నెదర్లాండ్స్‌లో పోస్ట్‌కోడ్ మీద నడిచే లాటరీ ఒకటుంది. ఏదైనా పోస్ట్‌కోడ్‌కు బహుమతి తగిలితే, అక్కడ టికెట్ కొన్నవాళ్లందరికీ డబ్బు వస్తుంది, వాళ్లలో ఒకరికి కొత్త బీఎండబ్ల్యూ కారు కూడా దక్కుతుంది. దీని ప్రభావం మీద 2011లో వెలువడ్డ పరిశోధనలో ఒక విచిత్రం తేలింది. విజేతల పక్కింట్లో ఉంటూ, తమకు పైసా రానివాళ్లలో కూడా కార్ల మీద ఖర్చు పెరిగింది. కెనడాలో లాటరీ విజేతల ఇరుగుపొరుగును పరిశీలించిన మరో అధ్యయనం ఇంకా ముందుకు వెళ్లింది. ఒకరికి తగిలిన మొత్తం ఎంత పెద్దదైతే, ఆ తర్వాత పొరుగువాళ్లలో అప్పులూ దివాలాలూ అంత పెరిగాయి. అలా దివాలా తీసినవాళ్ల ఆస్తుల చిట్టాలో ఇళ్లు, కార్లు, మోటార్‌సైకిళ్ల విలువ హెచ్చింది. నగదు, పింఛను పొదుపుల్లో ఆ పెరుగుదల లేదు. అంటే డబ్బంతా బయటికి కనపడే వస్తువుల్లోకే పోయింది.

అసలు తిరకాసు ఇక్కడుంది. ఎదుటివాళ్ల కారు మనకు కనపడుతుంది, దాని మీద ఇంకా నాలుగేళ్లు కట్టాల్సిన వాయిదాలు కనపడవు. మన విషయంలో ఆదాయం, అప్పు, దిగులు అన్నీ మనకు తెలుసు. వాళ్ల విషయంలో తెలిసేది ఖర్చు ఒక్కటే. మన పూర్తి లెక్కను వాళ్ల సగం లెక్కతో పోల్చుకుంటున్నాం. వాళ్లూ మనల్ని చూసి అదే చేస్తున్నారు. కొన్నాళ్లకు ఆ గుంపులో 'మామూలు' అనిపించే స్థాయి ఎవరి సంపాదనకూ సరిపోనిదిగా తయారవుతుంది, ఎందుకంటే అందులో అందరి అప్పులూ కలిసి ఉన్నాయి.

సోషల్ మీడియా ఈ పొరపాటును పెంచే తీరుకు చిన్న లెక్క చాలు. మీకు తెలిసినవాళ్లు 200 మంది అనుకోండి. ఒక్కొక్కరు ఏడాదిలో ఒకే ఒక్క వారం విహారయాత్రకు వెళ్తారు. 200ను 52 వారాలతో భాగిస్తే, ఏ వారం చూసినా సుమారు నలుగురు ప్రయాణంలో ఉంటారు. ఫోను తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరి కొండల ఫొటోలు, ఇంకొకరి సముద్రం ఫొటోలు. ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ ఏడాదికి ఒకసారికి మించి కదలలేదు. చూసేవాడికి మాత్రం లోకమంతా ఎప్పుడూ సెలవుల్లోనే ఉన్నట్టు, తనొక్కడే ఇంట్లో ఉన్నట్టు అనిపిస్తుంది.

దీనికి తోడు మౌనం. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల తాగుడు అలవాట్ల మీద 1993లో వచ్చిన ప్రసిద్ధ పరిశోధనలో తేలిందేమిటంటే, ఆ తాగుడుతో లోలోపల ఇబ్బంది పడుతున్నవాళ్లు కూడా మిగతావాళ్లందరికీ అది ఇష్టమేనని నమ్ముతున్నారు. ఖర్చు విషయంలోనూ ఇదే జరుగుతుంది. హోటల్ బిల్లును తలా సమానంగా పంచుకోవడం మీద ఇజ్రాయెల్‌లో జరిపిన ప్రయోగం 2004లో ప్రచురితమైంది. సమానంగా పంచుకుంటామని ముందే తెలిసినవాళ్లు, ఎవరి బిల్లు వాళ్లు కట్టుకునేవాళ్ల కంటే ఎక్కువ ఆర్డరిచ్చారు. ఏ పద్ధతి ఇష్టమని అడిగితే 80 శాతం మంది ఎవరిది వాళ్లు కట్టుకోవడమే మేలన్నారు. బల్ల చుట్టూ కూర్చున్న ఐదుగురిలో నలుగురికి ఇష్టం లేని పద్ధతి, ఎవరూ నోరు విప్పకపోవడం వల్ల సాగిపోతుంది.

ఇక పైకెక్కిన ఖర్చు కిందికి దిగదు. అమెరికన్ ఆర్థికవేత్త జేమ్స్ డ్యూసెన్‌బెరీ 1949లోనే ఈ సంగతి సూత్రీకరించాడు. జనం తమకంటే పైవాళ్లను చూసి ఖర్చు పెంచుకుంటారు, ఆదాయం పడిపోయినా పాత స్థాయిని వదులుకోరు. ఆ మధ్య ఖాళీని ముందు పొదుపు పూడుస్తుంది, అది అయిపోయాక అప్పు.

శుభాశుభాల ఖర్చు ఎందుకు అదుపు తప్పుతుంది

నెలనెలా జరిగే ఖర్చుల కంటే సందర్భాల ఖర్చు ప్రమాదకరం. పెళ్లి, అంత్యక్రియలు, గృహప్రవేశం, పిల్లల వేడుక, ఏదైనా సరే. దక్షిణాఫ్రికాలో ఒక పరిశోధన లెక్కగట్టిన ప్రకారం, వయసొచ్చిన మనిషి ఒకరు చనిపోతే అంత్యక్రియలకు కుటుంబాలు పెట్టిన ఖర్చు నల్లజాతి కుటుంబాల్లో తలసరి మధ్యస్థ ఆదాయం ఏడాదికి ఎంతో దాదాపు అంత. దుఃఖంలో ఉన్నవాళ్లు ధరలు వాకబు చేయరు, చేయబోయినా పక్కనున్నవాళ్లు చేయనివ్వరు.

వేడుకల్లో తప్పు ఎక్కువగా పనుల వరుసలోనే జరుగుతుంది. మొదట తేదీ పెట్టుకుంటారు. తర్వాత హాలు మాట్లాడుకుంటారు. తర్వాత పిలవాల్సినవాళ్ల జాబితా రాస్తారు. చివర్లో 'మొత్తం ఎంతవుతుంది' అని కూడతారు. అప్పటికి బయానాలు కట్టేసి ఉంటారు, వెనక్కి రావు. 500 మంది పట్టే హాలు తీసుకుంటే జాబితా 300 దగ్గర ఆగదు, ఖాళీ కుర్చీలు ఉన్నాయి కదా అని నిండేదాకా పెరుగుతుంది. అందుకే వరుస తిప్పాలి. ముందు అప్పు లేకుండా పెట్టగల మొత్తం రాసుకోవాలి. దాన్ని ఒక్కో మనిషికయ్యే ఖర్చుతో భాగిస్తే వచ్చేది మనుషుల సంఖ్య. ఆ సంఖ్యకు సరిపోయే హాలు, ఆ హాలు దొరికే తేదీ, ఆ తర్వాతే.

తలా ఖర్చు అంటే భోజనం ఒక్కటే అనుకోవడం ఇంకో పొరపాటు. కుర్చీ, ఇచ్చే బహుమతి, దూరం నుంచి వచ్చేవాళ్ల బస, వాహనం, వడ్డించేవాళ్ల కూలి అన్నీ మనిషితోపాటే పెరుగుతాయి. పైగా కొన్ని ఖర్చులు మెల్లగా పెరగవు, ఒక్కసారిగా దూకుతాయి. 200 మంది పట్టేచోట 201వ మనిషి రావాలంటే పెద్ద హాలు కావాలి, రెండో బస్సు కావాలి. 'ఇంకో పదిమందేగా' అన్న మాటకు ఖరీదు ఆ పదిమంది భోజనం కాదు, అలా ఒక్కసారిగా దూకే ఖర్చు. హద్దు ఎక్కడుందో ముందే తెలుసుకుని, జాబితాను దానికి పది శాతం కిందే ఆపితే చివరి వారంలో ఊపిరాడుతుంది.

నిర్ణయించేవాళ్లు పదిమంది, కట్టేది ఒక్కరు. ఇది మూడో తప్పు, అన్నిటికంటే సున్నితమైనదీ ఇదే. పెద్దలు ఒకటంటారు, తోబుట్టువులు ఇంకోటంటారు, ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనరు. ఒక్కొక్క మాట విడిగా చూస్తే చిన్నదే. ఎవరు ఏది అడిగినా 'సరే, దీనికి బదులు ఏది తీసేద్దాం?' అని అడిగేవాళ్లు ఒకరుండాలి. ఆ పని డబ్బు కట్టే మనిషి చేస్తే పిసినారి అనిపించుకుంటాడు, అందుకే మాటకు విలువున్న ఇంకొకరికి అప్పగించడం మేలు.

బహుమతుల ఖర్చు నెమ్మదిగా పెరుగుతుంది గనుక ఎవరూ పట్టించుకోరు. వాళ్లు పెట్టినదానికి కాస్త పైన పెట్టాలన్నది చాలాచోట్ల చెప్పని నియమం. ఆ కాస్త పది శాతమే అనుకున్నా, అటూ ఇటూ ఎనిమిది విడతలు తిరిగేసరికి మొదటి బహుమతి రెట్టింపు దాటుతుంది. ఇద్దరి జీతాలూ అంతలా పెరిగి ఉండకపోవచ్చు. అందుకున్నది ఎంతో రాసి పెట్టుకుని తిరిగి అంతే ఇస్తే ఈ పెరుగుదల ఆగుతుంది. ఎక్కువ ఖరీదు పెడితే ఎక్కువ సంతోషిస్తారన్న నమ్మకం ఇచ్చేవాళ్లదే తప్ప, పుచ్చుకునేవాళ్ల మెప్పుకు ధరతో పెద్దగా సంబంధం కనపడలేదని 2009లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది.

ఖర్చు వడ్డీగా మారే చోటు

ఇంతవరకు జరిగింది ఖర్చే. ఇప్పుడు అప్పిచ్చేవాళ్లు వస్తారు. వాళ్లు చేసే మొదటి పని ధరను నెలవాయిదాగా మార్చి చూపించడం. 'నెలకు ఇంతేగా' అనగానే మొత్తం కళ్లముందు నుంచి తప్పుకుంటుంది. క్రెడిట్ కార్డుకూ ఇదే గుణం ఉంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జరిపి 2001లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, బాస్కెట్‌బాల్ టికెట్ల వేలంలో కార్డుతో కట్టాల్సినవాళ్లు నగదుతో కట్టాల్సినవాళ్ల కంటే సుమారు రెట్టింపు పాడారు.

'వడ్డీ లేని వాయిదాలు' అన్న మాట కూడా పరీక్షించి చూడాలి. అదే వస్తువు నగదుకు ఆరు శాతం తగ్గించి ఇస్తారేమో ముందు అడగండి. ఇస్తారంటే, 100 విలువ చేసే వస్తువును ఆరు నెలల వాయిదాల్లో కొనడమంటే 94 అప్పు తీసుకుని 100 తిరిగి కట్టడమే. మొదటి నెల నుంచే అసలు కరుగుతూ ఉంటుంది కాబట్టి ఏడాది వడ్డీగా చూస్తే అది 21 శాతం దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా ఎక్కువ. ఫ్లాట్ వడ్డీ కూడా ఇలాంటి మాయే. లక్ష అప్పుకు 12 శాతం ఫ్లాట్ అంటే ఏడాదిలో 12 వేలు వడ్డీ, నెలకు 9,333 చొప్పున కట్టాలి. లక్ష మొత్తం మీ దగ్గర ఉండేది మొదటి నెలే, వడ్డీ మాత్రం చివరిదాకా లక్ష మీదే లెక్కేస్తారు. తగ్గే అసలు మీద లెక్కగడితే ఆ రేటు సుమారు 21.5 శాతం.

అన్నిటికంటే నష్టం చేసేది కార్డు బిల్లులో కనపడే 'కనీస చెల్లింపు'. లక్ష బాకీ ఉంది, నెలకు 3 శాతం వడ్డీ, కనీస చెల్లింపు బాకీలో 5 శాతం అనుకుందాం. కొత్తగా ఒక్క కొనుగోలూ లేదు. మొదటి నెల కట్టేది 5,150. బాకీ తగ్గే కొద్దీ కనీస మొత్తమూ తగ్గుతుంది, చూడటానికి ఊరటగానే ఉంటుంది. ఏడాది గడిచేసరికి మొత్తం 55 వేలు కట్టి ఉంటారు, బాకీ ఇంకా 77 వేలు. మూడేళ్లకు కట్టింది 1,30,000, అప్పటికీ 45 వేలకు పైగా మిగిలే ఉంటుంది.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేయండి. బిల్లు ఎంత తగ్గించి అడిగినా పట్టించుకోకుండా ప్రతి నెలా ఆ మొదటి 5,150 కట్టండి. 30 నెలల్లో అప్పు తీరిపోతుంది. చేతి నుంచి పోయే నెల మొత్తం మొదటి నెలకంటే రూపాయి కూడా పెరగలేదు. ఆ తగ్గే అంకెను చూసి మనం కూడా తగ్గకపోవడమే కిటుకు. కనీస మొత్తం బిల్లు మీద కనపడితే జనం తక్కువ కడతారని వార్విక్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త నీల్ స్టివార్ట్ 2009లో చూపించాడు. అదే ఏడాది అమెరికాలో వచ్చిన చట్టం, కనీసం మాత్రమే కడుతూ పోతే ఎన్నాళ్లకు తీరుతుందో, 36 నెలల్లో తీరాలంటే ఎంత కట్టాలో బిల్లు మీదే ముద్రించాలని చెప్పింది.

దాచే దశ

అప్పు ఉందని తెలియడం కూడా చిన్నతనమే కాబట్టి, ఒత్తిడి ఇక్కడితో ఆగదు. ఇప్పుడది తీర్చే పద్ధతినే చెడగొడుతుంది. చేతిలో పదివేలు ఉన్నాయి. స్నేహితుడి దగ్గర వడ్డీ లేకుండా తెచ్చిన చేబదులు ఒకటి, నెలకు 3 శాతం గుంజే కార్డు ఒకటి. లెక్క ప్రకారం కార్డు ముందు. నలుగురిలో తలెత్తుకు తిరగాలంటే చేబదులు ముందు. చాలామంది రెండోదే చేస్తారు, ఖరీదైన అప్పు వెనక్కి పోయి పెరుగుతుంది. స్నేహితుడికి తేదీలతో సహా వాయిదాలు రాసిచ్చి, ఆ తేదీలకు తప్పకుండా కట్టడం మధ్యేమార్గం. ఎప్పుడిస్తాడో తెలియకపోవడంతో పుట్టే కోపం తేదీ తెలిస్తే చాలావరకు చల్లారుతుంది.

ఖర్చు తగ్గించడంలోనూ ఇదే వంకర. బయటికి కనపడే ఖర్చు ఆపితే 'ఏదో అయింది' అని గుసగుసలు మొదలవుతాయని, కనపడనివి కోస్తారు. బీమా ప్రీమియం మానేస్తారు. పళ్ల నొప్పి ఓర్చుకుంటారు. బండి సర్వీసింగ్ వాయిదా వేస్తారు. అత్యవసర నిధి ఖాళీ చేస్తారు. ఆర్నెల్లకో ఏడాదికో ఆస్పత్రి ఖర్చో బండి రిపేరో వచ్చినప్పుడు చేతిలో ఏమీ ఉండదు, ఇంకో అప్పు పుడుతుంది. ఈ రెండో అప్పు నిజంగా అవసరం కోసం చేసిందే కాబట్టి, మూలం వేడుకలో ఉందని ఎవరికీ తట్టదు. ఒక అప్పు వాయిదా కట్టడానికి ఇంకో అప్పు తీసుకున్న రోజే హద్దు దాటినట్టు, మొత్తం ఎంత చిన్నదైనా సరే.

హామీ సంతకం మాట ఒకటి చెప్పాలి. మొహమాటానికి పెట్టే సంతకంతో హామీదారు సగానికి బాధ్యుడవుతాడనో, అసలువాడు పారిపోతేనే తన దాకా వస్తుందనో అనుకుంటారు. మామూలుగా రాసుకునే హామీ పత్రాల్లో బాకీ మొత్తానికీ బాధ్యత ఉంటుంది. కట్టగలిగినంత మొత్తానికే సంతకం చేయాలి, లేదా అసలు చేయకూడదు.

కాదనడం ఎప్పుడు, ఎలా

ఖర్చుకు హద్దులు పెట్టాలని ప్రభుత్వాలూ ప్రయత్నించాయి. రోమన్లు క్రీస్తుపూర్వం 161లో విందుల ఖర్చుకు చట్టం చేశారు. తజికిస్తాన్ 2007లో పెళ్లికి వచ్చే అతిథులు 150 దాటకూడదంది. ఇలాంటి చట్టాలకు దొంగదారులు ఎప్పుడూ ఉంటాయి. అయినా వాటితో ఒక మేలుంది, తక్కువ పెట్టాలనుకునేవాడికి 'నేను కాదు, చట్టం' అనే సాకు దొరుకుతుంది. చట్టం అక్కర్లేకుండానే ఒక స్నేహబృందమో ఒక కుటుంబమో బహుమతికి ఇంత, విందుకు ఇంత అని ముందే హద్దు పెట్టుకుంటే అదే ఫలితం వస్తుంది. దాన్ని ప్రతిపాదించాల్సింది మాత్రం గుంపులో ఆదాయం ఎక్కువ ఉన్నవాళ్లు. లేనివాళ్లు అంటే లేమి అనుకుంటారు, ఉన్నవాళ్లు అంటే మంచి ఆలోచన అంటారు. అన్యాయమే, కానీ పనిచేసేది అలాగే.

ఒక్కరే కాదనాల్సి వస్తే సమయం ముఖ్యం. మొత్తం ఖరారు కాకముందు చెప్పిన మాట అభిప్రాయం, ఖరారయ్యాక చెప్పింది పితూరీ. 'ఈ నెల కాస్త ఇబ్బందిగా ఉంది' అనకండి. అది తీర్చగల సమస్య, 'నేను సర్దుతాలే, తర్వాత ఇద్దువుగాని' అని వెంటనే జవాబొస్తుంది, అంటే మర్యాదగా ఇంకో అప్పు. 'దీనికి నేను ఇంత అనుకున్నాను, అందులో అయ్యేది చూద్దాం' అంటే వాదనకు తావుండదు. ఆ వెంటనే మీరే తక్కువ ఖర్చుతో అయ్యే ఏర్పాటు చెప్పాలి, ఖాళీ వదిలితే పాత ప్రణాళికే తిరిగొస్తుంది. ఇందాకటి 80 శాతం అంకె గుర్తుంటే, మొదట నోరు విప్పినవాడికి ఊహించనంత మద్దతు ఉంటుందని తెలుస్తుంది.

కాదనలేనివాటికి ముందే డబ్బు ఉండాలి. గడిచిన 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి, ఇతరుల కోసం, ఇతరుల ముందు పెట్టిన ప్రతి ఖర్చూ కూడండి. బహుమతులు, ప్రయాణాలు, వాటి కోసం కొన్న బట్టలు, ఆఫీసు చందాలు, అన్నీ. వచ్చినదాన్ని 12తో భాగించి, జీతం పడిన రోజే ఆ మొత్తాన్ని వేరే ఖాతాలోకి మళ్లించండి. ఇవి అనుకోని ఖర్చులు కావు, తేదీ తెలియని ఖర్చులు మాత్రమే. ఆ ఖాతా ఖాళీ అయితే ఆ ఏడాదికి వేడుకల డబ్బు అయిపోయినట్టే.

ఇప్పటికే చాలా అప్పులున్నవాళ్లకు అన్నీ కలిపి తక్కువ వడ్డీ అప్పు ఒక్కటి తీసుకోమని సలహా వస్తుంది. మంచిదే, కానీ గడువు చూడాలి. లక్ష మీద 36 శాతం వడ్డీతో రెండేళ్లలో తీర్చేస్తే నెలకు 5,905, మొత్తం వడ్డీ 41,700 దాకా. అదే లక్షను 18 శాతానికి మార్చి ఐదేళ్లకు సాగదీస్తే నెలకు 2,539 మాత్రమే, వడ్డీ మాత్రం 52 వేలు దాటుతుంది. రేటు సగమైంది, మొత్తం మీద కట్టేది పెరిగింది. కాబట్టి కొత్త అప్పు గడువు పాతవాటిలో మిగిలిన గడువు కంటే పెరగకూడదు, గడువుకు ముందే తీరిస్తే జరిమానా ఉందో లేదో సంతకానికి ముందే అడగాలి. ఇంకా ముఖ్యం, ఖాళీ అయిన కార్డు. కొత్త అప్పుతో పాత బాకీ తీరగానే దాని పరిమితి మొత్తం మళ్లీ తెరుచుకుంటుంది, తర్వాతి శుభలేఖ వచ్చేసరికి వాడకానికి సిద్ధంగా ఉంటుంది. బాకీ తీర్చిన వారంలోనే ఆ పరిమితిని నెల జీతంలో మూడో వంతుకు తగ్గించమని బ్యాంకుకు రాసి, తగ్గించినట్టు జవాబు తెప్పించుకోవాలి.